పాలు లేకుండా ఇంట్లో కేకు: ఏ రకం ఎవరికి సరిపోతుంది?

ఇంట్లో ఒకరికి పాలు పడవని తెలిశాక కేకు చేయబోతే మొదట వచ్చే సందేహం, పాలకు బదులు ఏం పోయాలి, వెన్నకు బదులు ఏం వేయాలి అని. దుకాణానికి వెళితే బాదం పాలు, సోయా పాలు, ఓట్స్ పాలు, వెన్నకు బదులు నూనెలతో చేసే రకరకాల మార్జరిన్లు వరుసగా కనిపిస్తాయి. ఏది కొన్నా ఖర్చు ఎక్కువే. ఇంటికి తెచ్చి చేశాక "బాగానే ఉంది కానీ, పాల కేకులా లేదు" అనే మాట వినబడుతుంది.

అందుకే ఎవరైనా సలహా అడిగితే నేను వేరే దారి చెబుతాను. పాలు మొదటినుంచీ అక్కర్లేని కేకులు ప్రపంచంలో చాలా ఉన్నాయి. అమెరికాలో 1930ల ఆర్థిక మాంద్యం కాలంలో పాలు, వెన్న, గుడ్లు కొనలేని ఇళ్ళలో నూనె, నీళ్ళు, వెనిగర్‌తో కోకో కేకు చేసుకున్నారు. యూదుల ఆహార నియమాల ప్రకారం మాంసాన్నీ పాలనూ ఒకే భోజనంలో తినకూడదు కాబట్టి, మాంసం వండిన రోజు వాళ్ళు నూనెతో చేసిన కేకులే వడ్డిస్తారు. గ్రీసులో సెయింట్ ఫనూరియోస్ పేరిట చేసే కేకులో నూనె, నారింజ రసం ఉంటాయి. పాలూ గుడ్లూ ఉండవు. ఇవి దేనికో నకళ్ళు కావు, వాటి రుచి వాటిదే. ఇలాంటి వాటిలోంచి మీ ఇంటికి తగినదాన్ని ఎంచుకుంటే సగం ఇబ్బంది తీరిపోతుంది.

ఈ వ్యాసంలో అయిదు దారులు పోల్చాను. వాటి దగ్గరకు వెళ్ళే ముందు మీరు తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

## ముందుగా తేల్చుకోవలసినవి

పాలు ఎందుకు వద్దు? అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. దీనికి సమాధానం లేకుండా మిగతా ఏ నిర్ణయమూ తీసుకోకండి.

పాలలో ఉండే చక్కెర పేరు లాక్టోజ్. దాన్ని అరిగించే ఎంజైము శరీరంలో తక్కువైతే కడుపు ఉబ్బరం, గ్యాస్, విరేచనాలు వస్తాయి. ఇది లాక్టోజ్ పడకపోవడం. ఇబ్బందికరమే కానీ ప్రాణాంతకం కాదు. ఇలాంటివారిలో చాలామంది కొద్దిపాటి పెరుగును తట్టుకోగలరు. నేతిలో లాక్టోజ్ దాదాపు ఉండదు కాబట్టి దానితో వాళ్ళకు సాధారణంగా ఇబ్బంది రాదు.

పాల ఎలర్జీ పూర్తిగా వేరు. అది పాలలోని ప్రోటీన్లకు, అంటే కేసిన్‌కూ వే ప్రోటీన్లకూ, శరీర రక్షణ వ్యవస్థ ఎదురుతిరగడం. దద్దుర్లు, వాంతులు, ముఖం వాపు, కొందరిలో ఊపిరి ఆడకపోవడం కూడా ఉంటుంది. ఇక్కడ "కొంచెమే కదా" అనే మాటకు చోటు లేదు. వెన్న కాచి వడగట్టినా నేతిలో పాల ప్రోటీను జాడలు మిగలవచ్చు. ఆవుపాలు పడని పిల్లలకు మేకపాలు పట్టమని పెద్దవాళ్ళు చెబుతుంటారు. మేకపాలలోని ప్రోటీన్లు ఆవుపాల ప్రోటీన్లను చాలావరకు పోలి ఉంటాయి కాబట్టి ఎలర్జీ ఉన్న బిడ్డకు అది రక్షణ కాదు. గేదెపాలూ అంతే. దేశవాళీ ఆవులవని అమ్మే ఏ2 పాలలోనూ కేసిన్ ఉంటుంది, వే ప్రోటీన్లూ ఉంటాయి. ఎలర్జీ ఉన్న పిల్లల్లో కొందరు కేకులో బాగా ఉడికిన పాలను తట్టుకుంటారన్నది నిజమే, కానీ అది వైద్యుల పర్యవేక్షణలో తేల్చుకోవలసిన విషయం, పుట్టినరోజునాడు ఇంట్లో పరీక్షించేది కాదు.

ఇక పూర్తి శాకాహారం పాటించేవారు, వ్రతంలో ఉన్నవారు, ఆ రోజుకు ఇంట్లో పాలు లేనివారు ఉంటారు. వీళ్ళకు జాడల గురించి భయం అక్కర్లేదు.

గుడ్డు తింటారా? గుడ్డు పాల పదార్థం కాదు. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్ల మనవాళ్ళు మంచి అవకాశాన్ని వదులుకుంటారు. గుడ్డు తినేవారికి పాలు లేని మెత్తటి కేకు చేయడం చాలా సులువు. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. మన బేకరీల్లో ఎగ్‌లెస్ కేకులో గుడ్డు చేసే పనిని ఎక్కువగా కండెన్స్‌డ్ మిల్కుతోనూ పెరుగుతోనూ చేయిస్తారు. అంటే గుడ్డు లేని కేకులో పాలు మరింత ఎక్కువ ఉండే అవకాశం ఉంది. పాల ఎలర్జీ ఉన్న పిల్లవాడికి "ఎగ్‌లెస్ కదా, ఏమీ కాదు" అని ముక్క అందించే బంధువులకు ఈ సంగతి విడమరచి చెప్పాలి.

పొయ్యా, ఓవెనా? కొన్ని కేకులు గ్యాస్ పొయ్యి మీద మందపాటి గిన్నెలో చక్కగా వస్తాయి. కొన్నిటికి అన్నివైపులా సమంగా వేడి తగలాలి.

ఎప్పుడు తింటారు? చేసిన పూటే తినేది వేరు, రైల్లో పట్టుకెళ్ళి మర్నాడు తినేది వేరు, పైన క్రీము పెట్టి కోసేది వేరు.

## ఒక్కచూపులో

| కేకు | గుడ్డు | పొయ్యి మీద కుదురుతుందా | శ్రమ | నిలవ | దేనికి బాగుంటుంది |
|---|---|---|---|---|---|
| నూనె–వెనిగర్ కోకో కేకు | లేదు | బాగా కుదురుతుంది | చాలా తక్కువ | 2–3 రోజులు | మొదటిసారి చేసేవారికి, ఎలర్జీ ఉన్నవారికి |
| గుడ్ల స్పాంజి | ఉంది | కష్టం | ఎక్కువ | ఆ రోజే | పొరలు పేర్చే పుట్టినరోజు కేకుకు |
| కొబ్బరిపాల రవ్వ కేకు | లేదు | బాగా కుదురుతుంది | మధ్యస్తం | 1 రోజు బయట, ఆ పైన ఫ్రిజ్‌లో | పండుగ పూటకు, పెద్దవాళ్ళకు |
| అరటిపండు గోధుమ కేకు | లేదు | కుదురుతుంది | తక్కువ | 2 రోజులు | పిల్లల డబ్బాకు, ప్రయాణానికి |
| మామూలు వనిల్లా కేకులో పాలు, వెన్న మార్చడం | ఉండవచ్చు | వంటకాన్ని బట్టి | మధ్యస్తం | 2 రోజులు | పాత రుచే కావాలనేవారికి |

కింద కొలతల్లో కప్పు అంటే 240 మిల్లీలీటర్లు, టేబుల్ స్పూను 15, టీ స్పూను 5 మిల్లీలీటర్లు. టిన్ను అంటే 8 అంగుళాల గుండ్రటిది. ఓవెన్‌లో అన్నిటికీ 180 డిగ్రీల సెల్సియస్ సరిపోతుంది. అమెరికా ఓవెన్లలో అది 350 డిగ్రీల ఫారెన్‌హీట్.

## నూనె–వెనిగర్ కోకో కేకు

ఏది చేయాలో తోచనివారికి నేను చెప్పేది ఇదే. ఖర్చు తక్కువ, బీటర్ అవసరం లేదు. పాల పదార్థం కానీ, దాని స్థానంలో వచ్చే మరో పదార్థం కానీ ఇందులో లేదు.

మైదా 1½ కప్పు, చక్కెర 1 కప్పు, కోకో పొడి 3 టేబుల్ స్పూన్లు, వంటసోడా 1 టీ స్పూను, ఉప్పు ½ టీ స్పూను కలిపి జల్లించాలి. చక్కెరను ముందే మిక్సీలో పొడి చేసుకుంటే తొందరగా కరుగుతుంది. వేరే గిన్నెలో నీళ్ళు 1 కప్పు, నూనె 1/3 కప్పు, వెనిగర్ 1 టేబుల్ స్పూను, వనిల్లా 1 టీ స్పూను కలపాలి. రెండూ కలిపి, పొడి కనబడనంతవరకే తిప్పి, వెంటనే టిన్నులో పోసి ఓవెన్‌లో పెట్టాలి. 30 నుంచి 35 నిమిషాలు పడుతుంది.

"వెంటనే" అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. వెనిగర్ సోడాతో కలిసిన క్షణం నుంచే పిండి ముద్దలో సన్నటి బుడగలు పుట్టడం మొదలవుతుంది, చెవి దగ్గర పెట్టుకుంటే చిరుచప్పుడు కూడా వినిపిస్తుంది. కేకును పైకి లేపేది ఆ కార్బన్ డయాక్సైడే. ఓవెన్ ఇంకా వేడెక్కలేదని పావుగంట ఆగితే ఆ వాయువు గాలిలో కలిసిపోతుంది, కేకు అడుగుకు అంటుకున్న రొట్టెలా అవుతుంది. కాబట్టి ఓవెన్ వేడెక్కాకే తడినీ పొడినీ కలపండి. అలాగే గరిట ఎక్కువసేపు తిప్పకండి. మైదాలో సాగే గుణమున్న ప్రోటీను, అంటే గ్లూటెన్, బిగిసి కేకు రబ్బరులా తయారవుతుంది. చిన్న చిన్న ఉండలు మిగిలినా ఓవెన్‌లో సర్దుకుంటాయి.

వెనిగర్ వాసన వస్తుందేమోనన్న అనుమానం అక్కర్లేదు, సోడాతో కలిసి అది విరిగిపోతుంది. వెనిగర్ లేకపోతే అంతే నిమ్మరసం.

దీని లోపమూ చెప్పాలి. వెన్న కమ్మదనం ఇందులో ఉండదు. ఆ లోటును కోకో కప్పేస్తుంది కాబట్టే ఇది కోకోతో బాగుంటుంది. కోకో తీసేసి వట్టి వనిల్లాతో చేస్తే చప్పగా ఉంటుంది. కోకో పడనివారు నీళ్ళకు బదులు కమలాఫలం రసం, తురిమిన తొక్క వేసి చేయండి. మరో విషయం, నీళ్ళకు బదులు వేడి కాఫీ డికాషన్ చల్లార్చి పోస్తే కోకో రుచి ఒక మెట్టు పైకి వెళుతుంది. పిల్లలకైతే వద్దు.

## గుడ్ల స్పాంజి

నాలుగు గుడ్లు, 120 గ్రాముల చక్కెర, 120 గ్రాముల మైదా. అంతే. ఇందులో నూనె లేదు, పాలు లేవు, బేకింగ్ పౌడర్ కూడా లేదు. కేకు లేవడానికి గాలి ఒక్కటే ఆధారం. బేకరీ కేకు మెత్తదనం ఇంట్లో రావాలంటే గుడ్డు తినేవారికి ఇంతకు మించిన దారి లేదు.

కష్టమంతా గుడ్లు గిలకొట్టడంలో ఉంది. ఫ్రిజ్‌లోంచి ముందే తీసి చల్లదనం పోయాక, చక్కెరతో కలిపి ఎలక్ట్రిక్ బీటర్‌తో 8 నుంచి 10 నిమిషాలు కొట్టాలి. పసుపు రంగు పాలిపోయి, మిశ్రమం మూడు రెట్లు పెరిగి, బీటర్ ఎత్తినప్పుడు కిందికి జారే ధార పైన రిబ్బనులా కాసేపు నిలవాలి. ఆ దశ రాకముందే మైదా వేస్తే కేకు లేవదు. మైదాను మూడు విడతలుగా జల్లిస్తూ, గరిటతో అడుగునుంచి పైకి మడుస్తూ కలపాలి. చేత్తో కొట్టే కవ్వం మాత్రమే ఉన్నవారు ఈ కేకు జోలికి వెళ్ళకపోవడం మేలు. పొయ్యి మీద చేసేవారికీ అదే మాట. అడుగునుంచి మాత్రమే వచ్చే వేడికి ఈ నురగ సమంగా ఉడకదు.

కొవ్వు లేదు కాబట్టి ఇది సాయంత్రానికే ఆరిపోతుంది. కోసిన పొరల మీద చక్కెర పాకమో పండ్ల రసమో చల్లితే మర్నాటిదాకా మెత్తగా ఉంటుంది. ఆ ఇబ్బంది కూడా వద్దంటే షిఫాన్ కేకు ఉంది. లాస్ ఏంజెలెస్‌లో బీమా ఏజెంటుగా పనిచేసిన హారీ బేకర్ 1927లో దాన్ని తయారుచేశాడు. ఇరవై ఏళ్ళు తయారీ విధానం ఎవరికీ చెప్పకుండా దాచి, 1947లో జనరల్ మిల్స్ సంస్థకు అమ్మాడు. ఆ రహస్యం మామూలు వంటనూనె. తెల్లసొనను విడిగా నురగ కొట్టి, పచ్చసొనలో నూనె, నీళ్ళు కలిపి చేసే ఆ కేకు రెండు రోజులైనా మెత్తగానే ఉంటుంది. అందులోనూ పాలు, వెన్న అక్కర్లేదు.

ఒక హెచ్చరిక. పాల ఎలర్జీ ఉన్న చిన్నపిల్లల్లో కొందరికి గుడ్డు కూడా పడదు. మీ బిడ్డ విషయంలో అది తేలకపోతే ఈ కేకు పక్కన పెట్టండి.

## కొబ్బరిపాల రవ్వ కేకు

కోనసీమలో పుట్టి పెరిగినవారికి కొబ్బరిపాల కమ్మదనం గురించి చెప్పనక్కర్లేదు. పాలు లేని కేకుల్లో లోటన్నది అసలు తెలియని కేకు ఇది. కొబ్బరిపాలలో కొవ్వు సమృద్ధిగా ఉంటుంది కాబట్టి వెన్న లేదన్న సంగతి నాలుకకు తట్టదు. నా మటుకు నాకు ఈ అయిదింటిలో రుచికి మొదటి స్థానం దీనిదే.

ఒక పెద్ద కొబ్బరికాయ తురిమి, ముప్పావు కప్పు గోరువెచ్చని నీళ్ళు పోసి మిక్సీలో రుబ్బి, పలచటి బట్టలో పిండితే చిక్కటి తొలిపాలు వస్తాయి. 1¼ కప్పుకు తక్కువైతే పిప్పిలో మరికొన్ని నీళ్ళు పోసి రెండోసారి పిండుకోవచ్చు. బొంబాయి రవ్వ 1½ కప్పు, మైదా ½ కప్పు, చక్కెర 1 కప్పు, నూనె ¼ కప్పు ఆ పాలలో కలిపి అరగంట నానబెట్టాలి. రవ్వ పాలన్నీ పీల్చుకుని గట్టిపడుతుంది. ఇడ్లీ పిండి జారుడుకు వచ్చేలా నీళ్ళు చిలకరించుకోవాలి. ఆ తరువాతే బేకింగ్ పౌడర్ 1½ టీ స్పూను, వంటసోడా ¼ టీ స్పూను, నిమ్మరసం 1 టేబుల్ స్పూను, యాలకుల పొడి వేసి, జీడిపప్పు పలుకులు పైన చల్లి 35 నుంచి 40 నిమిషాలు కాల్చాలి. చక్కెర స్థానంలో మెత్తగా తురిమిన బెల్లం వేస్తే రంగు, వాసన రెండూ పెరుగుతాయి.

రవ్వ నానకుండా తొందరపడితే తినేటప్పుడు పలుకులు పంటికింద పడతాయి. ఈ కేకులో జరిగే పొరపాటు దాదాపు ఎప్పుడూ అదే.

దిబ్బరొట్టె కాల్చే మందపాటి మూకుడు ఇంట్లో ఉంటే ఈ కేకుకు ఓవెన్ అవసరమే లేదు. లోపల నూనె బాగా రాసి, పిండి వేసి, మూత పెట్టి సన్నని సెగ మీద ముప్పావుగంట వదిలేయండి. అడుగున పలచటి ఎర్రటి పొర కడుతుంది, అది మరీ బాగుంటుంది.

డబ్బాలో వచ్చే కొబ్బరిపాలూ పనికొస్తాయి. పొడి రూపంలో అమ్మే కొబ్బరిపాలతో మాత్రం జాగ్రత్త. నీళ్ళలో బాగా కలవడానికి కొన్నిటిలో సోడియం కేసినేట్ కలుపుతారు. అది పాల ప్రోటీనే.

## అరటిపండు గోధుమ కేకు

తొక్క మీద నల్లమచ్చలు పడి, ఎవరూ ముట్టని అరటిపళ్ళకు ఇది సరైన గతి. చక్రకేళి, అమృతపాణి, పెద్ద పచ్చ అరటి ఏదైనా పర్వాలేదు. గుజ్జు 1 కప్పు రావాలి. అందులో బెల్లం పొడి ¾ కప్పు, నూనె ½ కప్పుకు కొంచెం తక్కువ, నిమ్మరసం 1 టేబుల్ స్పూను, దాల్చినచెక్క పొడి వేసి కలిపి, గోధుమపిండి 1½ కప్పు, వంటసోడా ¾ టీ స్పూను, చిటికెడు ఉప్పు జల్లించి వేయాలి. గోధుమపిండి తడిని ఎక్కువ పీలుస్తుంది కాబట్టి ¼ కప్పు నీళ్ళు అవసరం పడవచ్చు. 45 నిమిషాలు.

ఇది బరువుగా, ముద్దగా ఉండే కేకు. స్పాంజి మెత్తదనం ఆశించేవారికి నచ్చదు. ప్రయాణంలో విరగదు, పిల్లల డబ్బాలో నలగదు, పైన ఏ అలంకారమూ అడగదు.

## మామూలు కేకులోనే మార్పులు చేస్తే

"మా అమ్మ చేసే కేకే కావాలి, పాలు మాత్రం వద్దు" అనేవారి కోసం ఇది. సాధ్యమే కానీ, ఏది ఎందుకు మారుతుందో తెలిసి చేయాలి.

వెన్నలో దాదాపు 80 శాతం కొవ్వు, మిగతాదాంట్లో ఎక్కువ భాగం నీళ్ళు. కాబట్టి 100 గ్రాముల వెన్నకు 100 గ్రాముల నూనె వేస్తే కేకు జిడ్డవుతుంది. 80 గ్రాముల నూనె, ఒక టేబుల్ స్పూను నీళ్ళు లెక్క. అయితే లెక్క సరిపోయినంత మాత్రాన పని సరిపోదు. వెన్ననూ చక్కెరనూ కలిపి గిలకొట్టినప్పుడు చక్కెర పలుకులు గట్టి కొవ్వులో గాలి గదులు చేస్తాయి. ద్రవంగా ఉన్న నూనె ఆ గాలిని పట్టి ఉంచలేదు. అందుకే గిలకొట్టిన వెన్న మీదే ఆధారపడే కేకుల్లో నూనె పోస్తే గట్టిగా వస్తుంది. అలాంటివాటికి పాల ఘనపదార్థాలు లేని మార్జరిన్ కానీ వనస్పతి కానీ కావాలి. వనస్పతిలో పాలుండవు. ట్రాన్స్ కొవ్వు 2 శాతం మించకూడదని 2022 నుంచి మన దేశంలో నియమం అమల్లో ఉంది, అయినా అది రోజూ వాడే వస్తువు కాదు.

పాల స్థానంలో పోసేవాటిలో సోయా పాలకే నా ఓటు. వాటిలో ప్రోటీను బాగా ఉంటుంది కాబట్టి కేకుకు పైన ఎర్రటి రంగు వస్తుంది. కప్పు సోయా పాలలో టేబుల్ స్పూను నిమ్మరసం పిండి పది నిమిషాలు ఉంచితే విరిగి చిక్కబడి పలచటి పెరుగు చేసే పనిని చేస్తాయి. ఇంట్లో తీస్తే పచ్చివాసన పోయేలా బాగా మరగబెట్టాలి. ఓట్స్ పాలు కేకులో చక్కగా కలిసిపోతాయి. ఇంట్లో చేసేటప్పుడు మిక్సీ అర నిమిషానికి మించి తిప్పితే జిగురు వస్తుంది. వేరుశనగ పాలు చవక, వాసన బలంగా ఉంటుంది, బెల్లం కేకులకు నప్పుతుంది. బాదం పాలకు పెట్టే డబ్బు కేకులో ఎక్కడా కనబడదు, వద్దు.

కండెన్స్‌డ్ మిల్కు తప్పదంటే 400 మిల్లీలీటర్ల చిక్కటి కొబ్బరిపాలలో 130 గ్రాముల చక్కెర వేసి, సన్నని సెగ మీద సగానికి మరిగించండి. రంగు కొంచెం ముదురుగా ఉన్నా జారుడు సరిగ్గా వస్తుంది.

## నూనె ఏది?

పొద్దుతిరుగుడు, తవుడు నూనెలకు ప్రత్యేకమైన వాసన ఉండదు, ఎక్కడైనా పనికొస్తాయి. గానుగ వేరుశనగ నూనె అరటిపండు, బెల్లం కేకుల్లో బాగుంటుంది. వనిల్లా కేకులో పకోడీ గుర్తొస్తుంది. కొబ్బరి నూనె దాదాపు 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది. డిసెంబరులో హైదరాబాదు ఉదయాల్లో దాన్ని కరిగించి పోసినా చల్లటి నీళ్ళు తగిలితే గింజలు కడుతుంది, కాబట్టి మిగతావన్నీ గోరువెచ్చగా ఉండాలి. నూనె కేకులకు ఒక మేలు ఉంది. వెన్న కేకు ఫ్రిజ్‌లో గట్టిపడుతుంది, పొద్దుతిరుగుడు నూనెతో చేసింది ఫ్రిజ్‌లోనూ మెత్తగానే ఉంటుంది.

## లేబుళ్ళలో, వంటింట్లో దాగిన పాలు

కేకులో పాలు పోయకపోయినా పాలు వచ్చి చేరే దారులు చాలా ఉన్నాయి. ఎలర్జీ ఉన్న ఇంటివారు ఈ భాగాన్ని మాత్రం దాటవేయకండి.

ఆకుపచ్చ చుక్క శాకాహారానికి గుర్తు, పాలు లేవనడానికి కాదు. పాల పదార్థాలున్న ప్యాకెట్ల మీద కూడా అదే ఉంటుంది. మన దేశంలో 2022లో వచ్చిన నిబంధనల ప్రకారం జంతు సంబంధ పదార్థాలేవీ లేని ఆహారానికి వేరే వీగన్ గుర్తు ఉంది. అయినా ఎలర్జీ ఉన్నవారు దినుసుల జాబితా కింద ఎలర్జీ కారకాలు రాసిన వరుస చదవాలి. పాలు ఉంటే అక్కడ చెప్పడం తప్పనిసరి. అమెరికాలో 2006 నుంచి ఇలాంటి నియమమే అమల్లో ఉంది. బ్రిటన్‌లో ఆ పేర్లు దినుసుల మధ్యే ముదురు అక్షరాల్లో కనిపిస్తాయి.

పాల ఘనపదార్థాలు, వే పొడి, కేసినేట్, మజ్జిగ పొడి అన్నీ పాలే. బిస్కట్లు పొడిచేసి చేసే కేకు పిల్లలకు ఇష్టమే కానీ, చాలా బిస్కట్లలో పాల ఘనపదార్థాలు ఉంటాయి. డార్క్ చాక్లెట్‌లోనూ పాల జాడలు ఉండవచ్చు. నాన్-డైరీ అని రాసి అమ్మే విప్పింగ్ క్రీముల్లో కొన్నిటిలో సోడియం కేసినేట్ ఉంటుంది. మరోవైపు, కోకో గింజల కొవ్వయిన కోకో బటర్‌కూ, పుల్లటి పొడి అయిన క్రీమ్ ఆఫ్ టార్టర్‌కూ పాలతో ఏ సంబంధమూ లేదు, వాటిని చూసి భయపడి పక్కన పెట్టకండి.

వంటింట్లో ప్రమాదం మరింత మామూలుగా ఉంటుంది. టిన్నుకు నెయ్యి రాయడం మన చేతికి అలవాటైన పని. దినుసులన్నీ జాగ్రత్తగా చూసుకుని చివరికి ఆ ఒక్క వేలితో కేకంతా పాడుచేసుకుంటాం. నూనె రాసి మైదా చల్లండి. మజ్జిగ చిలికిన మిక్సీ జారు, పాలగిన్నె గరిట, వెన్న తగిలిన బీటర్ పుల్లలు సబ్బుతో కడిగి ఆరాకే వాడండి.

పొయ్యి మీద చేసేవారు మందపాటి గిన్నె అడుగున ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, మూతతో పది నిమిషాలు వేడెక్కించి, అప్పుడు టిన్ను దించాలి. మధ్యస్తం కంటే తక్కువ సెగ మీద 40 నుంచి 50 నిమిషాలు పడుతుంది. కుక్కర్‌లో గ్యాస్కెట్టు, విజిల్ తీసి చేసేవారున్నారు కానీ, నీళ్ళు లేకుండా అంతసేపు వేడిచేస్తే కుక్కర్ దెబ్బతింటుంది. పాత గిన్నె మేలు.

## మీరు ఎవరైతే ఏది?

పాల ఎలర్జీ ఉన్న పిల్లల తల్లిదండ్రులు: కోకో కేకు. అందులోని దినుసులు తక్కువ, ఒక్కొక్కదాని లేబులూ మీరే చదవవచ్చు. పుట్టినరోజుకు రెండు టిన్నులు చేసి పొరలుగా పేర్చండి.

లాక్టోజ్ మాత్రమే పడనివారు: రుచిని బట్టి ఎంచుకునే స్వేచ్ఛ మీకే ఎక్కువ. కొబ్బరిపాల రవ్వ కేకు చేయండి. నెయ్యి పడుతుందని తెలిసినవారు అందులో నూనె తగ్గించి రెండు చెంచాలు నెయ్యి వేసుకోవచ్చు.

గుడ్డు తినే, బీటర్ ఉన్న ఇల్లు: స్పాంజి లేదా షిఫాన్. అతిథులు పాలు లేవని చెప్పేదాకా గుర్తుపట్టరు.

హాస్టల్లో, అద్దెగదిలో ఒక్క పొయ్యితో ఉన్నవారు: అరటిపండు కేకు. కోకో పొడి దొరికితే కోకో కేకు.

విదేశాల్లో ఉన్నవారు: కడ్డీల రూపంలో పాలు లేని వెన్న మీకు సులువుగా దొరుకుతుంది, కాబట్టి అయిదో దారి మాకన్నా మీకు తేలిక. అమ్మ చెప్పిన కేకును దాదాపు అలాగే చేసుకోవచ్చు.

చక్కెర వ్యాధి ఉన్న పెద్దవాళ్ళు: పాలు తీసేసినంత మాత్రాన కేకులో చక్కెర తగ్గదు. పై వాటిలో ఏదైనా చిన్న ముక్కతో ఆపాలి.

## పైన ఏం వేయాలి?

కేకు కుదిరాక చిక్కంతా పైపూత దగ్గర వస్తుంది. అన్నిటికన్నా సులువైంది ఐసింగ్ షుగర్ ఒక కప్పులో నాలుగైదు టీ స్పూన్ల నిమ్మరసం కలిపి పూయడం. పూర్తిగా చల్లారిన కేకు మీద పోస్తే గంటలో తెల్లటి పొర కడుతుంది. కోకో కేకుకు నీళ్ళు, చక్కెర, కోకో పొడి చిక్కగా మరిగించి చివర్లో చెంచా నూనె వేస్తే మెరుస్తుంది.

కొబ్బరిపాలు రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే పైన తేలే మీగడను గిలకొట్టి క్రీములా వాడవచ్చు. విజయవాడ మే నెలలో అది పావుగంట కూడా నిలవదు, కోసే ముందు మాత్రమే పూయండి. పూల ఆకారాలు దిద్దాలంటే కేసినేట్ లేని విప్పింగ్ క్రీము వెతుక్కోవడం తప్ప దారి లేదు.

కేకును బడికి పంపుతున్నట్లయితే పెట్టె మీద దినుసులన్నీ రాసిన కాగితం అంటించండి. మీరు వాడిన నూనె వేరుశనగదైతే, పైన జీడిపప్పు చల్లితే, సోయా పాలు పోస్తే ఆ మూడింటినీ మొదటి వరుసలో పెద్ద అక్షరాలతో రాయండి. ఆ తరగతిలో వేరుశనగ పడని పిల్లవాడో సోయా పడని పిల్లవాడో ఉండవచ్చు.